చీటీ లేని రాయి

ఈసారి ఛందస్సును, శతకాలను ప్రక్కన బెట్టి రాళ్ళను గుఱించి వ్రాస్తున్నాను. తెలుగు పండితునికి రాళ్ళతో పనేమిటని అడిగేవారుంటారు. చివఱిదాకా చదివితే పని ఉన్నదో లేదో వారే తేల్చుకోగలరు.

గోండ్వానా అనే మాట లేని భూగర్భశాస్త్ర గ్రంథం లోకంలో అరుదు. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, మన దేశం ఒకప్పుడు ఒకే నేలగా కలిసి ఉండెననీ, తరువాత విడిపోయినవనీ శాస్త్రజ్ఞులు చెబుతారు కదా, ఆ మహాఖండానికి పెట్టిన పేరది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన మెడ్లికాట్ 1872లో మన నడిమి దేశపు పొరలకు ఈ పేరు వాడినాడు. వియన్నాకు చెందిన ఎడువర్డ్ స్యూస్ 1885లో దానిని ఖండానికంతటికీ చెల్లించినాడు. ఆ గోండులు ఎవరో కాదు, మన ఉట్నూరు, ఆసిఫాబాదు, సిర్పూరు అడవులవారే. ప్రపంచపు భూచరిత్రలో ఇంతటి పేరు సంపాదించిన జాతి మఱొకటి ఉన్నదో లేదో! నేను ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాల బడులలో ముప్పదేళ్ళకు పైగా తెలుగు చెప్పినాను. గోండు పిల్లలకూ చెప్పినాను. 'గోండ్వానా' అనే మాటలో ఉన్నది మీ పేరేనని వారికి అంతకు ముందు ఎవ్వరూ చెప్పి ఉండలేదు. చెప్పినప్పుడు వారి ముఖాలు చూడవలసినదే.

విజ్ఞానం ఒకచోట పుట్టి మఱొకచోట నిలువ ఉండడం వింతేమీ కాదు. వింత యేమంటే, నిలువ ఉన్నది పుట్టినచోటికి తిరిగి రాకపోవడం. గోదావరి, ప్రాణహిత లోయల విషయంలో నూటయాభై యేండ్లుగా జరుగుతున్నది ఇదే. అందుకు ఉదాహరణలు నా దగ్గర కావలసినన్ని ఉన్నవి.

మొదట బొగ్గు. విలియం కింగ్ అనే భూగర్భవేత్త 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని కనుగొన్నాడు. ఆయన ప్రాణహిత గోదావరి లోయ నంతటినీ కాలినడకన, గుఱ్ఱాలమీద తిరిగి వ్రాసిన బృహన్నివేదిక 1881లో భూగర్భ సర్వేవారి గ్రంథమాలలో వెలువడినది. దాని ఫలితంగా 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ వచ్చింది, 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో నమోదయింది, ఆ తరువాత బెల్లంపల్లి, మందమఱ్ఱి, రామగుండం, శ్రీరాంపురం, భూపాలపల్లి. లక్షల కుటుంబాల బ్రతుకు ఆ ఒక్క నివేదికలోనుండి మొలచినది. ఇంతటి పుస్తకానికి నేను చూచినంతలో తెలుగు అనువాదం లేదు. మార్కొ పోలో మోటుపల్లిని గుఱించి వ్రాసిన నాలుగు వాక్యాలను మనవారు నలభై వ్యాసాలలో ఉటంకించినారు. కింగు మన ఊళ్ళన్నింటినీ తిరిగి, ఏ వాగు ఒడ్డున ఏ రాయి బయటపడి ఉన్నదో వ్రాసిపెడితే అది చదివినవారు ఇంజనీర్లు మాత్రమే.

ఇక ఎముకలు. 1957లో మహలనోబిస్ గారి ఆహ్వానంపై లండను నుండి పమేలా రాబిన్‌సన్ అనే విదుషి కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వచ్చి అక్కడ భూగర్భ పరిశోధనకు పునాది వేసింది. ఆ బృందమే మన గోదావరి లోయలో, పోచంపల్లి అనే ఊరి దగ్గఱ, 1958 నుండి 1961 వఱకు త్రవ్వి సుమారు మూడువందల ఎముకలను వెలికి దీసింది. (ఇది చీరల పోచంపల్లి కాదు. అంతర్జాలంలో వెదికితే చీరలే ముందు వస్తవి. ఈ చిక్కును గుఱించి కొంచెం తరువాత చెబుతాను.) కనీసం ఆరు జంతువుల ఎముకలవి. మనిషి నిలువంత తొడ యెముక కనబడినదట. బెంగాలీలో 'బొడొ పా' అంటే పెద్దకాలు. ఆ సంవత్సరం రవీంద్రుని శతజయంతి. రెండూ కలిపి 1975లో బారాపాసారస్ టాగోరై అని నామకరణం చేసినారు. అస్థిపంజరాన్ని కలకత్తా సంస్థలోనే నిలబెట్టినారు. తప్పు పట్టడం లేదు. త్రవ్వినవారు వారు, శ్రమించినవారు వారు, టాగూరు మనకూ పూజ్యుడే. అయితే 18 కోట్ల సంవత్సరాలు మన గోదావరి ఒడ్డున పడుకొని ఉన్న జంతువునకు బెంగాలీ పేరు వచ్చిందంటే, దానిని మొదట పలుకరించిన భాష బెంగాలీ అన్నమాట. మన భాష అక్కడ లేదు. కూలీల నోళ్ళలో మాత్రం ఉండి ఉంటుంది. మట్టిదట్టలు మోసినవారు ఆ ఎముకలను ఏమని పిలిచి ఉంటారో ఎవరూ వ్రాసుకోలేదు.

తరువాత మనవారొకరు వచ్చినారు. భూగర్భ సర్వేకు చెందిన పి. యాదగిరి గారు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గఱ దొరికిన మఱొక రాక్షసబల్లిని 1988లో లోకానికి పరిచయం చేసినారు. పన్నెండు జంతువుల ఎముకలు, మొత్తం 840 ముక్కలు. పొడవు సుమారు 9 మీటర్లు. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఇది హైదరాబాదులో బిర్లా విజ్ఞానకేంద్రంలో నిలుచున్నది. చూడని తెలుగువారు తప్పక చూడవలె. కోటా అన్నది ప్రాణహిత కావలి ఒడ్డున సిరొంచ వైపు ఉన్న ఊరు. ఆ ఊరి పేరే పొరకు, పొర పేరే జంతువునకు. ఆ కోటా పొరలలోనే దొరికిన, పంటిముక్కల ద్వారా గుర్తించిన తొలినాటి చిన్న క్షీరదానికి కోటాథీరియం హాల్డేనై అని పేరు. బ్రిటను విడిచివచ్చి భారతీయుడైన హాల్డేన్ పేరు మీదుగా పెట్టినారు.

ఈ పొరల పేర్లు ఒకసారి వరుసగా చదవండి: ఎఱ్ఱపల్లి, భీమారం, మాలేరి, ధర్మారం, కోటా, గంగాపూరు, చిక్యాల. బస్సు కండక్టరు కేకవేసినట్లు లేదా? ఇవన్నీ అంతర్జాతీయ పత్రికలలో శిలాసమూహాల పేర్లు. లండనులో, బ్యూనస్ ఐరిస్‌లో కూర్చున్న పండితులు 'ధర్మారం కాలపు' జంతువులను గుఱించి వాదించుకొంటారు. మాలేరి పొరలలో దొరికిన ఒక సరీసృపానికి మాలేరిసారస్ రాబిన్‌సనే అని పేరు; 2007లో వర్ణించిన మఱొకదానికి లాంప్లగ్‌సారా ధర్మారమెన్సిస్ అని పేరు. (ఈ రెండు పేర్లలోనూ ఉన్నది పమేలా లాంప్లగ్ రాబిన్‌సనే. ఆమె సంగతి తెలుగులో ఎవరైనా ప్రత్యేకంగా వ్రాస్తే బాగుండును.) ధర్మారంలో బస్సు దిగే మనిషికి ఈ సంగతి తెలియదు. తెలియకపోతే వచ్చిన నష్టమేమి అంటే, ప్రస్తుతానికి ఏమీ లేదు. నష్టం వచ్చే సంగతులు ముందున్నవి.

పేర్ల చిక్కు చెబుతానన్నాను. యామన్‌పల్లి అని మొన్నటి వఱకు నేనూ చదివినట్లే వ్రాస్తూ వచ్చినాను. తెలుగులో పల్లికి ముందు ఇట్లా పొల్లు 'న' రావడం సహజం కాదు. యామనపల్లి అయి ఉండవలె. ఆంగ్లలిపిలో వ్రాసిన పేరుకు హ్రస్వదీర్ఘాల భేదం లేదు, ట తలకట్టా త తలకట్టా తెలియదు, ల ళ భేదం లేదు. ఆ లిపిలో పడిన ఊరు మళ్ళీ తెలుగులోకి రావాలంటే మనిషి పోయి ఊరివారిని అడుగవలసినదే. దీనికి తోడు జిల్లాల సంగతి. ఒకే గుట్టను కింగు నాటి కాగితాలు నిజాము రాజ్యంలో సిర్పూరు తాండూరులో చూపుతవి; తరువాతివి హైదరాబాదు రాష్ట్రం ఆదిలాబాదులో; 1956 తరువాతివి ఆంధ్రప్రదేశ్ ఆదిలాబాదులో; 2014 తరువాతివి తెలంగాణ ఆదిలాబాదులో; 2016 అక్టోబరు 11 తరువాత ఆ జిల్లాయే నాలుగైనది గనుక మంచిర్యాలలోనో కుమ్రంభీం ఆసిఫాబాదులోనో. కరీంనగరు కథా అంతే. అదివరకు ఎలగందుల, ఇప్పుడు కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, ఇంకా కొన్ని ముక్కలు ఇతర జిల్లాలలో. మహాదేవపురం కరీంనగరు నుండి భూపాలపల్లికి మాఱింది. గుట్ట కదలలేదు, చిరునామాయే కదిలింది. ఒక విద్యార్థి తన మండలంలోని రాళ్ళను గుఱించి ఎవరేమి వ్రాసినారో వెదుకుదామంటే ఏ పేరుతో వెదుకవలె? అక్షాంశ రేఖాంశాలు ప్రతి నివేదికలోనూ ఉంటే ఈ బాధ ఉండదు. పాతవాటిలో అవి ఉండవు, లేదా 'ఊరికి ఈశాన్యంగా రెండు మైళ్ళు' అని ఉంటుంది. ఆ ఊరు ఏ ఊరో తెలిసినవారు బ్రతికి ఉండగానే ఈ పట్టిక తయారు కావలె. ఇది శాస్త్రజ్ఞులు చేయగల పని కాదు. భాష తెలిసినవారి పని, ఊరు తెలిసినవారి పని.

ప్రభుత్వం సమాచారాన్ని దాచిపెడుతున్నదని నేననడం లేదు. ఒకప్పుడు దాచేది, నిజమే. సర్వే వారి భూపటం కావాలంటే దరఖాస్తు, సంతకం, ఆరా. 2005 జాతీయ పట విధానంతో కొంత సడలింది. 2012లో సమాచార భాగస్వామ్య విధానం వచ్చింది. 2017లో సర్వే పటాలు అంతర్జాలంలో ఉచితంగా దించుకొనే ఏర్పాటు వచ్చింది. 2021 ఫిబ్రవరిలో పటాలు తయారు చేయడానికి ముందస్తు అనుమతి అక్కఱలేదన్నారు. భూగర్భ సర్వేవారి 'భూకోశ్' ఉన్నది. 2023 డిసెంబరులో గనుల మంత్రిత్వశాఖ జాతీయ భూవిజ్ఞాన సమాచార భాండారాన్ని ప్రారంభించింది. పేరు నమోదు చేసుకొంటే ఎవరైనా పటాలు, కొలతలు, నివేదికలు చూడవచ్చును. ఇదంతా మెచ్చుకోదగినదే. పదిహేనేళ్ళ క్రితం ఊహించని సౌలభ్యం. కాని భాండారానికి వాకిలి తెఱిచినంత మాత్రాన అందరూ లోపలికి పోగలరా? లోపల అంతా ఆంగ్లం. అదీ సాధారణాంగ్లం కాదు, డిగ్రీ చదివినవాడికి కూడ నిఘంటువు కావలసిన ఆంగ్లం. గనుల వేలంలో పాల్గొనే కంపెనీవాడికి అది చాలును. అతని కోసమే తెఱిచినారేమో కూడ. ఆ గని త్రవ్వబోయే ఊరిలో ప్రజాభిప్రాయ సేకరణకు కూర్చున్న రైతు చేతిలో ఏముంటుంది? నాలుగు పుటల తెలుగు సారాంశం. అందులోని తెలుగు నేను చదివినాను. తెలుగు పండితుణ్ణి, నాకే అర్థం కాలేదు.

హైదరాబాదు నగరం ఒక్కదానిలో భూమిని గుఱించిన సంస్థలు ఎన్ని ఉన్నవో లెక్కవేయండి. ఉప్పల్‌లో 1961 నాటి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, బండ్లగూడలో భూగర్భ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం, దాని శిక్షణాలయం, బేగంపేటలో అణుఖనిజాల శాఖ, బాలానగర్‌లో దూరసంవేదన కేంద్రం, సముద్ర సమాచార కేంద్రం ఒకటి. ఇన్ని ఒక్కచోట ఉన్న నగరాలు దేశంలో తక్కువ. ఈ సంస్థలన్నీ కలిసి ఏడాదికొక చిన్న పుస్తకం తెలుగులో తెచ్చినా ఈపాటికి ఒక అలమర నిండేది.

2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో భూమి కంపించింది. తీవ్రత 5.3. కరీంనగరులో మా వీధిలోవారు చంటిపిల్లలతో బయటికి పరుగెత్తుకొని వచ్చినారు. సమ్మక్క సారక్క గద్దెల వైపు కెమెరా ఊగిన దృశ్యాలు టీవీలలో వచ్చినవి. మధ్యాహ్నానికి పుకార్లు: సాయంత్రం ఇంకా పెద్దది వస్తుందట, ఫలానా ప్రాజెక్టు వల్ల వచ్చిందట, గనుల పేలుళ్ళ వల్లనట. గోదావరి లోయ పగులులోయ అనీ, రెండు వైపుల గట్టి బండ నిలిచి నడుమ నేల క్రుంగడం వల్లనే అక్కడ ఇసుకరాయి, బొగ్గు పేరుకొన్నవనీ, ఆ పగుళ్ళ వెంట ఎప్పుడో ఒకప్పుడు కదలిక ఉంటుందనీ, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గఱ 5.7 తీవ్రతతో వచ్చిందనీ భూభౌతిక సంస్థవారికి ఎన్నో యేండ్లుగా తెలుసు. ఏ రోజు వస్తుందో ఎవరూ చెప్పలేరు, చెబుతానన్నవాడు మోసగాడు అనీ తెలుసు. ఈ నాలుగు వాక్యాలు లోయలోని ప్రతి బడి గోడ మీద తెలుగులో, గోండీలో వ్రాసి ఉంటే ఆ మధ్యాహ్నం పుకార్లకు చోటు ఉండేది కాదు. గోడకు సున్నం ఖర్చు తప్ప వేఱే ఖర్చు లేని పని. బొగ్గు ఇచ్చిన పగులే కంపమూ ఇచ్చిందని తెలిసిన సింగరేణి కార్మికునికి భయం పోదు గాని గాభరా తగ్గుతుంది.

మేడిగడ్డ మాట కూడ ఎత్తక తప్పదు. 2023 అక్టోబరు 21న మహాదేవపురం మండలంలోని ఆ ఆనకట్ట స్తంభాలు క్రుంగినవి. ఎవరిది దోషమో తేల్చడం నా పని కాదు, రాజకీయం ఈ పుటలో వద్దు. నా దృష్టికి వచ్చినది ఒక్కటే. కేంద్రం నుండి వచ్చిన ఆనకట్టల భద్రతా సంస్థవారు ఇరవై అంశాలపై సమాచారం అడిగితే అన్నీ అందలేదని తమ నివేదికలో వ్రాసినారు. నది అడుగున ఇసుక ఎంత లోతు, దాని క్రింద ఏ రాయి, ఏ బోరులో ఏమి దొరికింది అన్న కాగితాలు నిర్మాణానికి ముందే ఎవరైనా చూడగలిగేటట్లు ఉండవలసినవి. స్తంభం క్రుంగిన తరువాత కేంద్ర సంస్థయే అడిగి తీసుకోవలసి వస్తే అంబటిపల్లి రైతు సంగతి చెప్పేదేమున్నది?

అన్నింటికంటె నన్ను బాధించేది బోర్ల సంగతి. దీనిని కొంచెం వివరంగా వ్రాయనివ్వండి.

కరీంనగరు నేల చాలవఱకు గట్టి గ్రానైటు. (ఆ గ్రానైటు విదేశీ బజారులో ట్యాన్ బ్రౌన్ అనే పేరుతో అమ్ముడుపోతుంది. మన గుట్టకు రంగుపేరు పెట్టినవారికి గుట్టపేరు తెలియదు.) పైన రేగడో చల్కో దుబ్బో, దాని క్రింద మొరం, మొరం క్రింద పగిలిన బండ, ఆ క్రింద పగుళ్ళు లేని నిండుబండ. నీరుండేది మొరంలో, పగుళ్ళలో. నిండుబండలోకి దిగిన తరువాత ఎంత లోతు పోయినా నీటి ఆశ తగ్గుతూ పోతుంది. రైతు బోరుబండిని పిలుస్తాడు. ఫీటుకింత అని బేరం. బండివాడు వేస్తున్నంతసేపు దుమ్ము పైకి వస్తుంది. దుమ్ము రంగు మాఱినప్పుడల్లా క్రింద పొర మాఱినట్లు. ఎన్ని ఫీట్ల దగ్గఱ మొరం అయిపోయింది, ఎక్కడ తడి తగిలింది, ఎక్కడ నీళ్ళు పడినవి, ఎన్ని అంగుళాలు, ఇవన్నీ బండివాడికి కండ్లకు కట్టినట్లు తెలుసు. సాయంత్రం డబ్బు తీసుకొని బండి వెళ్ళిపోతుంది. ఆ సమాచారమూ బండి ఎక్కి వెళ్ళిపోతుంది. మఱుసటేడు ప్రక్క చేను రైతు మళ్ళీ అంతే డబ్బు పోసి అదే నిండుబండను త్రవ్విస్తాడు. ఒకే పొలంలో ఐదారు బోర్లు వేయించి నీళ్ళు పడక, అప్పు తీరక, ఊరు విడిచినవారిని నేనెఱుగుదును. ఊరే కాదు, లోకమే విడిచినవారినీ ఎఱుగుదును. వారి పిల్లలకు పాఠాలు చెప్పినాను.

ఉమ్మడి రాష్ట్రంలో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది, మనవారు 'వాల్టా' అంటారు. బోర్లు నమోదు చేయాలి, బోరుబండ్లు నమోదు కావాలి అన్నది అందులోనిదే. చట్టం మంచిదే. నమోదు జరిగిన చోట కూడ అది అనుమతికి సంబంధించిన కాగితమే గాని, పొరల వివరం ఊరివారికి కనిపించే పుస్తకం కాలేదు. ప్రతి గ్రామపంచాయతిలో ఒక పెద్ద పుస్తకం పెట్టండి. సర్వే నంబరు, తేదీ, మొరం ఎంతవఱకు, బండ ఎక్కడ మొదలు, నీళ్ళు ఎక్కడ, ఎన్ని అంగుళాలు. తెలుగులో. బోరు విఫలమైతే అది మఱింత తప్పనిసరిగా. ఎండిన బోరు వేసినవాడి డబ్బు ఎట్లాగూ పోయింది. దాని వివరం మిగిలితే పదిమంది డబ్బు మిగులుతుంది. ఇరవైయేళ్ళ పాటు ఈ పుస్తకం నడిచి ఉంటే మన జిల్లాల భూగర్భజల పటం ఏ ఉపగ్రహమూ ఇవ్వలేనంత సూక్ష్మంగా మన చేతిలో ఉండేది.

ఇది ఆచరణలో కాదనేవారికి ఒక ఉదాహరణ. 2003లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, నెదర్లాండ్స్ ధనసహాయంతో, రైతులే భూగర్భజలాలను చూచుకొనే పథకం ఒకటి మొదలైంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్లగొండ, మహబూబునగరం, ఈ ఏడు జిల్లాలలో ఆఱువందలకు పైగా పల్లెలలో నడిచింది. రైతులే బావులలోకి కొలతపరికరం వదలి నీటిమట్టం కొలిచేవారు, వానను కొలిచేవారు, ఊరి నడుమ గోడమీద తెలుగులో వ్రాసిపెట్టేవారు. ఈ ఏడు నీరింత ఉన్నది, వరి ఎంత వేయవచ్చు, వేరుసెనగ ఎంత వేయవచ్చు అని కూర్చుండి లెక్క కట్టేవారు. అక్షరాలు రానివారు సైతం ఆ లెక్క చెప్పగలిగినారు. శాస్త్రం బలవంతంగా నేర్పలేదు, కొలత వారి చేతికిచ్చినారు, అంతే. ఆ ఏడింటిలో కరీంనగరు లేదు, ఆదిలాబాదు లేదు. నిధులతో పాటే పథకమూ ముగిసింది. అటువంటి గోడలు మన ఊళ్ళలో ఎందుకుండరాదో ఎవరూ నాకు చెప్పలేదు.

చదువుకొన్నవారు ఒక మాట ఎగతాళిగా అంటారు: మన రైతు ఇంకా అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నీళ్ళు చూచేవాణ్ణి నమ్ముతాడని. నమ్మడా మఱి? కొబ్బరికాయవాడు పిలిస్తే వస్తాడు. చేనంతా తిరుగుతాడు. 'ఇక్కడ వెయ్యి బాపూ, నూటయాభై ఫీట్లకు రెండించుల నీళ్ళు' అని తెలుగులో చెబుతాడు. అతడు చెప్పింది తప్పు కావచ్చు, కాని చెప్పినాడు. సరియైన మాట తెలిసినవాడు హైదరాబాదులో ఆంగ్లంలో దానిని అచ్చువేసి ఊరకున్నాడు. ఇద్దఱిలో రైతు ఎవరిని నమ్ముతాడు?

భాష విషయంలో నావంటి పండితుల పాత్ర ఉన్నది, అది మంచిదని చెప్పలేను. పారిభాషిక పదాలు మా చేతికి చిక్కితే బొగ్గుబాయి అంగారఖని అవుతుంది, మొరం అపక్షీణశిల అవుతుంది. భూసార పరీక్ష పత్రాలు 2015 నుండి రైతులకు ఇస్తున్నారు, మంచి పని. కాని వాటిలోని 'విద్యుద్వాహకత' చూచి మా పాలివాడొకడు కరెంటు బిల్లేమోనని తెచ్చి నాకు చూపించినాడు. ఉప్పుతనం అని ప్రక్కన ఒక్క మాట వేస్తే సరిపోయేది. వడ్డెరలకు రాళ్ళ పేర్లు, బావులు త్రవ్వినవారికి పొరల పేర్లు, సింగరేణి కార్మికునికి బొగ్గు పేర్లు ఉన్నవి. సంస్కృతం అవసరమైనచోట వాడుదాం. శిలాజం మంచి మాట, ఎవరికీ ఇబ్బంది లేదు. ఉన్న తెలుగును త్రోసివేసి వాడడం మాత్రం పాండిత్యం కాదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి స్థాపించినప్పుడు ప్రకృతిశాస్త్రాలను తెలుగులో చెప్పవచ్చునని చేసి చూపినారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో మొదలైనప్పుడు, దానికి ముందే అనువాదశాలను నెలకొల్పి శాస్త్రాలన్నింటికీ ఉర్దూ మాటలు కూర్చినారు. అప్పటి ప్రభుత్వానికి తలంపు ఉన్నది, చేసింది. 1968లో వచ్చిన తెలుగు అకాడమి పదకోశాలు, పాఠ్యగ్రంథాలు వేసింది. అవి పరీక్షల దగ్గఱ ఆగిపోయినవి, పొలం దాకా రాలేదు.

సమాచారమంతా బయటపెడితే దుర్వినియోగం కాదా అని అడుగుతారు. అవుతుంది. శిలాజాలు ఎక్కడున్నవో అడుగులతో సహా చెబితే మఱునాడు అక్కడ శిలాజాలుండవు. రాయిగా మాఱిన చెట్టుమోళ్ళను ఇంటి ముందఱ అలంకారానికి పెట్టుకొన్నవారిని చూచినాను. అటువంటి చోట్లను గుట్టుగా ఉంచి, ఊరివారికి అప్పగించి కాపాడుకోవలె. సిరొంచ అవతల మహారాష్ట్రవారు వడదంలో శిలాజవనం ఏర్పఱచి కాపలా పెట్టినారు. నది ఇవతల కూడ అవే పొరలు. ఇసుక, ఖనిజం ఎక్కడున్నదో చెబితే దొంగలు వస్తారంటారా? వారికి ఇప్పటికే తెలుసు. తెలియనిది ఊరివారికే.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. తొంభైలలో నేను గోదావరిఖని ప్రక్క ఒక బడిలో ఉన్నప్పుడు ఒక పిల్లవాడు బొగ్గుబాయి పెల్ల ఒకటి తెచ్చినాడు. వాళ్ళ నాయన డ్యూటీ దిగి వస్తూ తెచ్చినది. నల్లని పలక మీద నాలుక ఆకారంలో ఆకు, నడిమి ఈనె, వలవలగా చిన్న ఈనెలు, నిన్న రాలినట్లు. 25 కోట్ల యేండ్ల నాటి గ్లాసోప్టెరిస్ అని సైన్సు పంతులుగారు చెప్పినారు. గ్రీకులో గ్లాస్సా అంటే నాలుకేనట. బొగ్గుగా మాఱిన అడవులలో ఎక్కువగా ఉన్నది ఆ చెట్టే. మేము జిహ్వాపర్ణి అని పేరుపెట్టుకొని నవ్వుకొన్నాము. ఆ పెల్ల మీద అతికించడానికి పిల్లవాని చేతనే చీటీ వ్రాయించినాను: ఏ బాయి, ఎన్నవ సీము, ఏ తేదీ, తెచ్చినవారు ఎవరు. కొన్నేళ్ళకు నేను బదిలీ అయి, మళ్ళీ ఒకసారి పోయినప్పుడు అలమర చూచినాను. సున్నాలు వేసినప్పుడు అన్నీ తీసి సర్దినారట. పెల్ల ఉన్నది, చీటీ లేదు. ఇప్పుడది ఏ బాయిదో, ఎంత లోతుదో ఎవరూ చెప్పలేరు. శాస్త్రానికి అది ఇక పనికిరాదు. తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెడుతున్నారు.

చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి, మహాదేవపురం వైపు చదువరులెవరైనా ఉంటే మీ ఊరి పేరును, మీ చుట్టుప్రక్కల పల్లెల పేర్లను ఊరివారు పలికినట్లు తెలుగులో వ్రాసి పంపండి. పాత నివేదికలలోని ఆంగ్ల రూపాల ప్రక్కన వాటిని చేర్చి, అక్షాంశ రేఖాంశాలతో సహా ఒక పట్టిక మొదలుపెట్టినాను. ఇప్పటికి నలభైమూడు ఊళ్ళయినవి.